డీఎల్‌ఎల్ తాళాలతో తంటా: షాడో కాపీ వాడి రెండేళ్లయ్యాక

ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్) మీద డాట్‌నెట్ (మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక) సర్వీసు నడిపేవాళ్లకి ఈ మెసేజ్ కొత్తకాదు: ‘ఈ ఫైల్‌ను వేరే ప్రాసెస్ వాడుకుంటోంది’. సర్వీసుని నడిపే వర్కర్ ప్రాసెస్ ఒకసారి డీఎల్‌ఎల్‌ని (ప్రోగ్రామ్ కోడ్ ఉండే ఫైల్‌ని) మెమరీకి ఎక్కించుకుందంటే, విండోస్ దాని మీద ఇంకో ఫైల్ రాయనివ్వదు. తాళం అంటున్నది దీన్నే. పాత ఏఎస్‌పీ డాట్‌నెట్‌లో ఈ గొడవ లేదు. డీఎల్‌ఎల్‌లు ఉండే బిన్ ఫోల్డర్‌ని టెంపరరీ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని అక్కడి నుంచి నడిచేది. దాని తర్వాత వచ్చిన ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌కి మారాక ఆ సుఖం పోయింది.

కొత్త వెర్షన్ ఎక్కించడానికి ముందు చాలాకాలం నేను నమ్ముకున్నది యాప్_ఆఫ్‌లైన్.హెచ్‌టీఎం. ఆ పేరుతో ఫైల్ పెడితే అప్లికేషన్ ఆగిపోయి, వచ్చినవాళ్లందరికీ ఆ పేజీయే కనిపిస్తుంది. పని చేస్తుంది, కాదనను. కానీ పెట్టిన మరుక్షణం తాళం వీడదు. నడుస్తున్న రిక్వెస్టులు ముగియడానికి మామూలుగా 10 సెకన్ల దాకా గడువుంటుంది. నా స్క్రిప్ట్ ఆగకుండా కాపీ మొదలుపెట్టేది, సగం ఫైళ్లు కొత్తవి, సగం పాతవి. మూడుసార్లు మళ్లీ ప్రయత్నించే లూప్ రాశాకే కుదుటపడింది. ఒకరోజు ఆ ఫైల్ తీసేయడం మర్చిపోయి టీ తాగడానికి వెళ్లాను. అరగంట తర్వాత కస్టమర్ ఫోన్ చేస్తేగానీ సర్వీసు మూసే ఉందని తెలియలేదు.

షాడో కాపీ, అంటే అసలు ఫైళ్లని కాకుండా వాటి కాపీని నడిపే పద్ధతి, డాట్‌నెట్ 6లో ప్రయోగాత్మకంగా వచ్చింది, 7 నుంచి పూర్తిస్థాయిలో ఉంది. వెబ్.కాన్ఫిగ్ అనే సెట్టింగుల ఫైల్‌లో రెండు సెట్టింగులు రాస్తే చాలు: ఒకటి ఆన్ చేయడానికి, ఇంకోటి కాపీల ఫోల్డర్ చూపించడానికి. ఆ తర్వాత ఎడాపెడా కాపీ చేసుకోవచ్చు, తాళం మాటే రాదు. మార్పు కనిపెట్టి అప్లికేషన్ తనే రీస్టార్ట్ అవుతుంది. పట్టపగలు డిప్లాయ్ చేస్తున్నానంటే (కొత్త వెర్షన్ ఎక్కిస్తున్నానంటే) దీని చలవే.

లోపాలున్నాయి. రీస్టార్ట్ తప్పదు కాబట్టి మెమరీలోని క్యాష్ (మళ్లీ వాడటానికి దాచుకున్న డేటా) పోతుంది, మొదటి రిక్వెస్ట్ నత్తనడకే. స్టాటిక్ ఫైళ్లు (జావాస్క్రిప్ట్, బొమ్మల్లాంటివి) మాత్రం అసలు ఫోల్డర్ నుంచే వెళ్తాయి. అందుకే కాసేపు కొత్త జావాస్క్రిప్ట్, పాత కోడ్‌తో మాట్లాడుతుంది. నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. ఇప్పుడు డీఎల్‌ఎల్‌లు ముందు పంపి, స్టాటిక్ ఫైళ్లు చివర పంపుతున్నాను. అన్నట్టు, పాత కాపీలు ఒక్కోసారి మిగిలిపోవచ్చు, డిస్క్ మీద ఓ కన్నేసి ఉంచాలి.

అత్యవసరానికి ఇంకో చిట్కా: వాడుకలో ఉన్న డీఎల్‌ఎల్‌ని చెరపనివ్వని విండోస్, పేరు మార్చనిస్తుంది. పాతదాని పేరు మార్చి, కొత్తది పెట్టి, యాప్ పూల్ రీసైకిల్ చేస్తే (వర్కర్ ప్రాసెస్‌ని మళ్లీ కొత్తగా మొదలుపెడితే) సరి. లినక్స్‌లో కథ తిరగబడుతుంది. అక్కడ లైబ్రరీకి తాళమే ఉండదు, నడుస్తున్న ఫైల్ మీదే సీపీతో (కాపీ చేసే కమాండ్) రాస్తే ప్రాసెస్ కుప్పకూలవచ్చు. కొత్త ఫైల్‌ని పక్కన పెట్టి ఎంవీతో (పేరు మార్చే కమాండ్) దాని స్థానంలోకి మార్చాలి, అప్పుడు పాత ప్రాసెస్ పాత ఫైల్‌నే పట్టుకుని ఉంటుంది.

డేటాబేస్ టేబుళ్లు మారే రోజున మాత్రం యాప్_ఆఫ్‌లైన్‌నే పెడుతున్నాను. దాన్ని తీసేసే పని ఇప్పుడు స్క్రిప్ట్‌దే.