ఐదు శీతకాలాల వాడకం తరువాత: సోలార్ ప్యానెళ్ల మీది మంచును లాగే ఫోమ్ కర్ర

మా ఇంటి కప్పు మీద పద్దెనిమిది ప్యానెళ్లు తొమ్మిదేసి చొప్పున రెండు వరుసలుగా, నిలువుగా బిగించి ఉన్నాయి. కప్పు వాలు 30 డిగ్రీలు. మొదటి శీతకాలంలో ఒకే రాత్రి జానెడు మంచు పడి, ఆ తరువాతి నాలుగు రోజులూ ఎండ కాసినా ఇన్వర్టర్ తెర మీద సున్నా కదలకపోవడంతో, కప్పు ఎక్కకుండా నేల మీద నిలబడే మంచును లాగగలిగే పరికరం కోసం వెతికి ఈ కర్రను కొన్నాను. ఒకదానిలో ఒకటి దూరే మూడు అల్యూమినియం గొట్టాలు, చివరన అడ్డంగా బిగించిన రెండడుగుల ఫోమ్ పలక, ఇంతే దీని నిర్మాణం. పూర్తిగా సాగదీస్తే సుమారు 6 మీటర్లు వస్తుంది.

తాజా పొడి మంచు మీద దీని పనికి నేను వంక పెట్టలేను. పలకను మంచు మీద ఆనించి మెల్లగా కిందికి లాగితే చాలు, పిండి జారినట్టు జారిపోతుంది. ఫోమ్ అద్దాన్ని గీయదు. ప్యానెల్ అద్దం గట్టిదే అయినా, వెలుతురు తిరిగి పోకుండా దాని మీద వేసే పల్చటి పూత సున్నితమైనది కాబట్టి, ఇనుప అంచు ఉన్న మామూలు మంచు పారను అక్కడికి తీసుకుపోకూడదు. ఐదేళ్ల తరువాత ఎండాకాలంలో దగ్గరి నుంచి పరిశీలించినప్పుడు కింది వరుస అద్దాల మీద ఒక్క గీత కూడా కనిపించలేదు.

అయితే పట్టుకునే చోట రెండు చేతులూ తలకంటే పైన ఉంచి పని చేయాలన్న సంగతిని పెట్టె మీద బొమ్మ చెప్పదు. పూర్తిగా సాగిన గొట్టం గాలపు కర్రలా వంగుతుంది, పావుగంటలో భుజాలు పట్టేస్తాయి. పై వరుస దీనికి అందనే అందదు. మొదటి ఏడాది ఇది పెద్ద లోపమనిపించి, ఇంకో గొట్టం అతికించి పైకి అందుకోవాలని తంటాలు పడ్డాను. అలా చేసినప్పుడు పలక అదుపు తప్పి ప్యానెళ్ల మధ్య సందులో ఇరుక్కోవడం తప్ప ఫలితమేమీ రాలేదు.

మొత్తం శుభ్రం చేయవలసిన అవసరమే లేదని రెండో శీతకాలంలో అర్థమైంది. నిలువుగా బిగించిన పాతతరం ప్యానెల్‌లో కరెంటు పుట్టించే సెల్‌లు మూడు పట్టీలుగా పైనుంచి కిందికి వెళ్లి మళ్లీ పైకి వస్తాయి, ఒక్కో పట్టీలో అవి గొలుసులా కలిసి ఉండడంతో కొన్ని నీడలో పడినా ఆ పట్టీ మొత్తం ఆగిపోతుంది. అందువల్ల అడుగు అంచున బెత్తెడు మంచు మిగిలినా మూడు పట్టీలూ ఒకేసారి నీడలో పడి, పైన మూడు వంతులు తళతళలాడుతున్నా ఆ ప్యానెల్ దాదాపు ఏమీ ఇవ్వదు. అడ్డంగా బిగించి ఉంటే అదే బెత్తెడు మంచు ఒక్క పట్టీనే ఆపుతుంది, మిగతా రెండూ పనిచేస్తాయి. జారే మంచు ఫ్రేము అంచు దగ్గరా చూరు దగ్గరా గట్టుకట్టి ఆగుతుంది కాబట్టి, ముందుగా ఆ గట్టును తీసి, అడుగున ఒక మూరెడు అద్దాన్ని బయటపెడితే, ఆ నల్లటి భాగం ఎండకు వేడెక్కి పైనున్న మంచుకు అడుగున పల్చటి నీటి పొర ఏర్పడుతుంది, తరువాత మొత్తం మంచు తెర తనంతట తానే జారుతుంది. ఇప్పుడు నేను ఎండ కాసే ఉదయం పది నిమిషాలు మాత్రమే కర్ర పట్టుకుంటాను, మధ్యాహ్నానికల్లా పై వరుస కూడా చాలావరకు తెరుచుకుంటుంది. మబ్బు పట్టిన రోజున కర్రను ముట్టుకోను, ఎందుకంటే అంత కష్టపడినా ఆ రోజు వచ్చేది అర యూనిట్ కూడా ఉండదు.

మా రెండు వరుసలూ ఇన్వర్టర్‌కు వేరువేరుగా కలిసి ఉండడం నా అదృష్టం. కింది వరుస ఒక్కటే తెరిచినా దాని వంతు కరెంటు వస్తుంది. మబ్బులేని శీతకాలపు రోజున అది ఐదు యూనిట్ల వరకు ఇచ్చింది, రెండూ తెరుచుకుంటే పదకొండు దాకా వెళ్లింది. సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీల కంటే ఒక్కో డిగ్రీ తగ్గే కొద్దీ శక్తి సుమారు 0.3 నుంచి 0.4 శాతం పెరుగుతుంది కనుక, చలి నిజానికి ప్యానెల్‌కు మిత్రుడే. శత్రువు మంచు మాత్రమే.

వేడి తీగలు పరిచి మంచును కరిగించమని సలహా ఇచ్చినవారికి ఒక లెక్క చెప్పాలి. చదరపు మీటరు మీద పడిన 10 సెంటీమీటర్ల తాజా మంచు సుమారు 10 కిలోలు తూగుతుంది, దాన్ని పూర్తిగా కరిగించడానికి దాదాపు ఒక యూనిట్ కావాలి. అంతే వైశాల్యమున్న ప్యానెల్ శీతకాలపు రోజంతా కష్టపడినా అందులో సగం తిరిగి ఇస్తే గొప్ప. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. వేడినీళ్లు పోయడం అంతకంటే చెడ్డది: చల్లటి అద్దం ఒక్కసారిగా వేడెక్కితే పగలవచ్చు, పోసిన నీళ్లు గంటలో గడ్డకట్టి మంచు కంటే మొండి పొరగా మారుతాయి. ఉప్పు అల్యూమినియం ఫ్రేమును తినేస్తుంది.

గడ్డకట్టిన పొర మీద ఈ కర్ర పనికిరాదు, అక్కడ దీన్ని వాడకూడదు కూడా. మూడో శీతకాలంలో నేను మొండిగా గోకినప్పుడు ఫోమ్ ఒక మూల చిరిగి, దాని వెనుక బోల్టు ఫ్రేముకు తగిలి గీత పెట్టింది. కొత్త పలక తెప్పించి వేశాను. గొట్టాలను బిగించే ప్లాస్టిక్ మెలికలు గట్టి చలిలో పట్టేస్తాయి, వాటిని ఇంట్లోనే బిగించి బయటికి తీసుకువెళ్లడం మేలు. అంతకంటే ముఖ్యంగా, ఇది అల్యూమినియం గొట్టం. పైన కరెంటు తీగలు వెళ్లే వైపు దాన్ని ఎత్తనే ఎత్తకూడదు.

నిలబడే చోటు గురించి ఒక అనుభవం. ఒకసారి నేను కర్ర దించకముందే పై వరుస మంచు మొత్తం ఒక్క తెరగా జారి, నాకు రెండడుగుల దూరంలో పడింది, చూరు కింద వాననీటి గొట్టం ఒక చోట వంగిపోయింది. అప్పటినుంచి పక్కకు నిలబడి ఏటవాలుగా లాగుతున్నాను, మంచు జారేంతసేపు పిల్లలను గోడ దగ్గరికి రానివ్వను.

ఇన్ని లోపాలున్నా మళ్లీ కొనవలసి వస్తే ఇదే కొంటాను, కానీ మా ఇంటికి ఒక్క అంతస్తే కాబట్టి. రెండంతస్తుల ఇల్లయినా, కప్పు వాలు 45 డిగ్రీలకు మించినా దీనికి డబ్బు పెట్టవద్దంటాను: మొదటిచోట అందదు, రెండోచోట మంచు చాలావరకు తనంతట తానే జారిపోతుంది. నిరుడు శీతకాలమంతా కలిపి నేను దీన్ని బయటికి తీసింది ఏడుసార్లు మాత్రమే.