మా అమ్మాయి చదివిన బి.ఎస్.డబ్ల్యూ.: ఫీజు తక్కువే, ఫీల్డ్ వర్క్ విచారించి చేర్చండి

హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో మా అమ్మాయి ఈ వేసవిలో బి.ఎస్.డబ్ల్యూ. (బ్యాచిలర్ ఆఫ్ సోషల్ వర్క్, అంటే సామాజిక సేవా రంగానికి సంబంధించిన డిగ్రీ) పూర్తి చేసింది. తక్కువ ఖర్చులో ఈ చదువు చెప్పించాలనుకునే తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని, ఫీజులు కట్టిన తండ్రిగా మూడేళ్లలో నేను గమనించినవి రాస్తున్నాను.

సీటు దోస్త్ (తెలంగాణలో డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం) ద్వారా వచ్చింది. ట్యూషన్ ఫీజు ఏడాదికి ఇరవై వేల లోపే కావడంతో మాబోటి వారికి అది పెద్ద భారం కాలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉన్నవారు ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైటు ఈ-పాస్‌లో దరఖాస్తు చేసుకోవాలి; 75 శాతం హాజరు తప్పనిసరి కనుక ఫీల్డ్ వర్క్ రోజుల హాజరు ఎలా వేస్తారో చేరేటప్పుడే అడగడం మంచిది. నాకు కష్టం కలిగించిన విషయం వేరే ఉంది. రెండో ఏడాదిలో గ్రామీణ శిబిరం పేరుతో ఆరు వేలు కట్టమన్నారు. ఆ సంగతి చేరేనాడు ఎవరూ చెప్పలేదు, కట్టాక రసీదూ ఇవ్వలేదు. డబ్బు కట్టలేక ఇద్దరు పిల్లలు శిబిరానికి రాలేదని మా అమ్మాయి చెప్పినప్పుడు చాలా బాధ కలిగింది.

ఈ కోర్సుకు ప్రాణం ఫీల్డ్ వర్కే. వారానికి రెండు రోజులు బస్తీకి వెళ్లి, చూసినదీ చేసినదీ డైరీలో రాయాలి. మొదటి ఏడాది డైరీలో ఏ పేజీ తిప్పినా ‘ఇళ్లు సందర్శించాం, సర్వే చేశాం’ అన్న రెండు వాక్యాలు, కింద ఒక సంతకం మాత్రమే ఉండేవి. రెండో ఏడాది కొత్తగా వచ్చిన అధ్యాపకురాలు అదే డైరీలో ఎర్ర సిరాతో, ‘తల్లి పిల్లను బడి మాన్పించిందని రాశావు. ఎందుకు మాన్పించిందో అడిగావా?’ అని రాశారు. మా అమ్మాయి మళ్లీ ఆ ఇంటికి వెళ్లింది. తల్లి తెల్లవారకముందే నాలుగిళ్లలో పనికి వెళుతుందనీ, మూడేళ్ల తమ్ముణ్ణి చూసుకోవడానికి ఆ పిల్ల ఇంట్లో ఉండిపోయిందనీ అప్పుడు తెలిసింది. అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడి తమ్ముణ్ణి అక్కడ చేర్పించడానికి నెల పట్టింది. మేం కట్టిన ఫీజుకు తగిన చదువు అందింది ఆ నెలలోనేనని నా నమ్మకం.

అమెరికాలో కౌన్సిల్ ఆన్ సోషల్ వర్క్ ఎడ్యుకేషన్ గుర్తింపు ఉన్న బ్యాచిలర్ కోర్సుల్లో కనీసం 400 గంటల ఫీల్డ్ వర్క్ ఉండి తీరాలి. మన దేశంలో సోషల్ వర్క్ విద్యకు అలా ప్రమాణాలు నిర్ణయించే చట్టబద్ధమైన మండలి లేదు కాబట్టి ఆ విచారణ మనమే చేసుకోవాలి. చేర్చే ముందు మూడో ఏడాది విద్యార్థి డైరీ ఒకటి చూపించమని అడగండి. సంతకాలు తప్ప మరేమీ లేకపోతే, ఫీజు ఎంత తక్కువైనా ఆ కళాశాలలో చేర్చవద్దు.

ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవారికి దూరవిద్య అందించే ఇగ్నో బి.ఎస్.డబ్ల్యూ. అనుకూలంగా ఉంటుంది. పాఠ్యపుస్తకాలు ఇగ్నో వారి వెబ్‌సైటు ఈ-జ్ఞాన్‌కోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఫీల్డ్ వర్క్ అక్కడా తప్పనిసరే. అయితే బోధన ఇంగ్లిష్, హిందీ మాధ్యమాల్లోనే ఉంటుంది కనుక తెలుగు మీడియం పిల్లలు ఆలోచించుకోవాలి. ప్రయాణ ఖర్చు విషయంలో మాత్రం, 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి పథకం వల్ల ఆర్టీసీ సిటీ బస్సుల్లో ఆడపిల్లలు టికెట్‌కు డబ్బు కట్టనక్కరలేకపోవడం మాకు చాలా మేలు చేసింది.

సోషల్ వర్క్‌లో పి.జి. అయిన ఎం.ఎస్.డబ్ల్యూ.లో చేరడానికి సాధారణంగా ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. మంచి ఉద్యోగాలకు ఎక్కువగా ఆ పి.జి.నే అడుగుతారు. అందుచేత ఐదేళ్ల ఖర్చు లెక్క వేసుకునే ఇందులో చేర్చాలి. మొదటి ఏడాది నిర్లక్ష్యానికీ రసీదు లేని ఆరు వేలకూ కోత వేసి, ఈ కోర్సుకు ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. ఆ మూడున్నరలో ఎక్కువ భాగం ఎర్ర సిరాతో రాసిన ఆ అధ్యాపకురాలిదే.