పాత జియాన్ వర్క్‌స్టేషన్లు ఏళ్లుగా వాడినంక: మిషన్ మంచిదే, ఓఎస్ ఎక్కించుడే పెద్ద పని

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ షాపుల ముందట వరసగా పేర్చి పెడ్తరు చూడండి, ఆఫీసుల్లో లీజు అయిపోయి వచ్చిన బరువైన నల్ల కంప్యూటర్ డబ్బాలు, వాటి గురించి రాస్తున్నా. చిక్కడపల్లిలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే షాపు నాది, అన్ని సీట్లలో అవే నడుస్తున్నయి, చాలా ఏళ్ల నుంచి. కంపెనీ పేరు రాస్తలేను, అవసరం కూడా లేదు, ఈ తరంలో ఏ డబ్బా మూత తీసినా లోపల కనిపించేది దాదాపు ఒకటే: 2012లో వచ్చిన ఇంటెల్ జియాన్ ఈ5-1620 ప్రాసెసర్, నాలుగు కోర్లు, 3.6 గిగాహెర్ట్జ్, సీ600 చిప్‌సెట్ (బోర్డు మీది పోర్టులను నడిపేది), ఈసీసీ (చిన్న తప్పులు తనే సరిచేసుకునే) డీడీఆర్3 ర్యామ్, ఒక క్వాడ్రో గ్రాఫిక్స్ కార్డు.

ముందు మంచి మాటలు చెప్పేస్తా. 12 బై 36 అంగుళాల షీటు 300 డీపీఐలో అంటే దగ్గర దగ్గర 3 కోట్ల 90 లక్షల పిక్సెళ్లు, దాని మీద లేయర్ల మీద లేయర్లు పడ్తయి, పైగా ఫొటోగ్రాఫర్ ఫోన్ చేసి "అన్నా పొద్దుగాలకల్లా ప్రింటింగ్‌కి పోవాలె" అంటడు. 32 జీబీ ర్యామ్ ఉంటే ఇదంతా ఈ పాత మిషన్ మీద ఏ పరేషాన్ లేకుండా నడుస్తది. బాడీ గట్టిది, సైడు మూత స్క్రూడ్రైవర్ లేకుండనే వస్తది, హార్డ్ డిస్కులు ట్రేలో లాగితే బయటికొస్తయి. ఇచ్చిన పైసలకి ఇంత మిషన్ కొత్తదాంట్లో రాదు, ఈ మాట మీద నాకు డౌటే లేదు.

కథంతా ఓఎస్, అంటే విండోస్, లినక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టం, వేసేరోజు ఉంటది. విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలె, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే లెక్క, మనదేమో 2012 సరుకు, సో లిస్టులో లేదు. అందుకే బిల్లింగ్, బ్యాకప్ సీట్లన్నీ డెబియన్, మింట్ అనే లినక్స్ రకాల మీదికి మార్చేసినా, ఫొటోషాప్ సీట్లు మాత్రం నెట్‌కి దూరం పెట్టి విండోస్ మీదనే నడిపిస్తున్నా. ఇట్ల మార్చుకుంటూ పోతుంటే ఒక్కో డబ్బా ఒక్కో రకంగా సతాయించింది. కానీ తీరా చూస్తే ఐఎస్ఓ (పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ఓఎస్ ఫైలు) తప్పుగానీ ఓఎస్ తప్పుగానీ ఉన్నది మస్తు తక్కువ. జనం మాత్రం ఎక్కకపోతే ఫస్ట్ ఐఎస్ఓ మారుస్తరు, ఉబుంటు కాకపోతే ఫెడోరా, అదీ కాకపోతే పెన్‌డ్రైవ్ మారుస్తరు, రాత్రంతా అదే పని. మా షాపు పిల్లోడు కూడా అంతే, "అన్నా, ఐఎస్ఓ ఖరాబ్ ఉన్నట్టుంది, ఇంకోటి డౌన్లోడ్ పెట్టాల్నా" అని వచ్చిండు. "ఆగురా, ముందుగాల బయోస్‌లో టైం ఎంత చూపిస్తుందో చూసి రా పో" అన్నా. పోయి బయోస్, అంటే ఓఎస్ కంటే ముందు లేచే సెట్టింగుల స్క్రీన్, చూస్తే 2012 జనవరి.

ఈ టైం ముచ్చట జర వివరంగా చెప్తా, ఎందుకంటే సగం గొడవలు ఇక్కడినుంచే మొదలైతయి. గోడౌన్‌లో నెలల తరబడి కరెంటు లేకుండా పడి ఉన్న డబ్బాలో బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ సచ్చిపోయి ఉంటది. అది పోతే టైం ఒక్కటే వెనక్కి పోదు, బయోస్ సెట్టింగులు కూడా ఫ్యాక్టరీ లెక్కకి పోతయి. టైం వెనక్కి పోతే పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైవ్ మింట్‌లో బ్రౌజర్ తెరవగానే సర్టిఫికెట్ ఎర్రర్, డెబియన్‌లో ఆప్ట్ అప్‌డేట్ (సాఫ్ట్‌వేర్ లిస్టు తెచ్చే కమాండ్) కొడితే రిలీజ్ ఫైలు ఇంకా చెల్లదు అంటది, అంటే దాని లెక్కన ఆ ఫైలు ఇంకా పుట్టనే లేదు. మనమేమో నెట్ ప్రాబ్లం అనుకొని రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తుంటాం. ఇక సెట్టింగులు పోతే కొన్ని డబ్బాల్లో సాటా మోడ్ (డిస్కుతో బోర్డు మాట్లాడే పద్ధతి) మామూలు ఏహెచ్‌సీఐ నుంచి, డిస్కులు కలిపి వాడే రెయిడ్‌కి మారిపోతది, మారినంక నిన్నటిదాకా నడిచిన విండోస్ పొద్దున నీలం స్క్రీన్ మీద ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అని చూపిస్తది. డిస్కు పోయిందని ఏడ్చి, రికవరీ వాళ్ల దగ్గరికి ఉరికినోళ్లని చూసినా నేను. కిరాణా షాపులో దొరికే బిళ్ల బ్యాటరీ మార్చి, మోడ్ మళ్లీ ఏహెచ్‌సీఐలో పెడితే ఏం కానట్టే లేస్తది. కొత్తగా డబ్బా ఇంటికి రాగానే నేను చేసే మొదటి పని ఇదే, బ్యాటరీ మార్చుడు, మిగతాదంతా తర్వాత.

రెండోది డిస్కు కనపడకపోవుడు. బయోస్‌లో కనిపిస్తది, లినక్స్ ఇన్‌స్టాలర్‌లో మాత్రం లిస్టులో ఉండదు, లేకుంటే ఏదో రెయిడ్ మెంబర్ అని వింత పేరుతో కనిపిస్తది. ఆఫీసుల్లో ఈ డిస్కులు ఇంటెల్ రెయిడ్‌లో పెట్టి వాడినవి. ఆ రెయిడ్ గుర్తు డిస్కు మొదట్లో కాదు, చివర్ల రాసి ఉంటది, అందుకే మీరు పార్టిషన్లు ఎన్నిసార్లు డిలీట్ చేసినా, క్విక్ ఫార్మాట్ ఎన్నిసార్లు కొట్టినా అది పోనే పోదు. లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, టెర్మినల్‌లో ఆ డిస్కు మీద వైప్‌ఎఫ్ఎస్ మైనస్ ఏ కమాండ్ కొడితే పోతది, లేదా ఎండీఏడీఎంతో జీరో సూపర్‌బ్లాక్. ఏ డిస్కు మీద కొడుతున్నరో ముందు చూసుకోండి సామీ, పక్కనే ఉన్న పెళ్లి ఫొటోల డిస్కు మీద కొడితే ఆ పార్టీకి మొహం చూపించలేం.

విండోస్‌కి దీంట్లో ఇంకో రకం తిరకాసు ఉంది. సీ600 బోర్డు మీద సాటా పోర్టులు రెండు జాతులు. ఆరు పోర్టులు మామూలు కంట్రోలర్ మీద నడుస్తయి, వాటిలో రెండే 6 జీబీపీఎస్, మిగతా నాలుగు 3 జీబీపీఎస్. ఇవి కాకుండా ఎస్‌సీయూ అని వేరే కంట్రోలర్ మీద ఇంకొన్ని పోర్టులు ఉంటయి, చూడటానికి అచ్చం అట్లనే ఉంటయి, రంగు మాత్రం తేడా. డిస్కు వైరు ఆ ఎస్‌సీయూ దాంట్లో గుచ్చి ఉంటే విండోస్ ఇన్‌స్టాలర్ డ్రైవర్ అడుగుతది, లేకపోతే డ్రైవ్‌లేం కనపడట్లేదు అంటది. లినక్స్ కెర్నెల్‌లో దానికి డ్రైవర్ ముందునుంచే ఉంది కాబట్టి అది చూసేస్తది, దాంతో "లినక్స్‌ల కనిపిస్తుంది విండోస్‌ల కనిపిస్తలేదు, విండోస్ పైరసీదేమో" అని కొత్త అనుమానం మొదలు. వైరు తీసి 6 జీబీపీఎస్ పోర్టులో గుచ్చండి, అంతే, ఎస్ఎస్‌డీకి స్పీడు కూడా అక్కడనే వస్తది.

కాపీ అవుతూ అవుతూ ఒకచోట ఆగిపోయిందనుకోండి, చాలామంది ఎస్ఎస్‌డీ పోయిందంటరు. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో కంట్రోల్ ఆల్ట్ ఎఫ్4 కొడితే లాగ్ కనిపిస్తది, విండోస్ సెటప్‌లో షిఫ్ట్ ఎఫ్10 కొడితే నల్ల విండో వస్తది, ఈ రెండూ తెలిస్తే సగం మెకానిక్ అయినట్టే. లాగ్‌లో సాటా లింకు రీసెట్ అవుతున్నట్టు లైన్లు పడ్తుంటే స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునేది) తీసి 199వ నంబరు చూడాలె, సీఆర్‌సీ ఎర్రర్ కౌంటు అది. అది పెరుగుతుంటే ఎక్కువసార్లు డిస్కు బాగానే ఉంటది, కేబుల్‌దో పోర్టుదో లొల్లి. 5, 197 నంబర్లు (పాడైన సెక్టార్ల లెక్క) పెరుగుతుంటే మాత్రం డిస్కుకి దండం పెట్టుడే. నా దగ్గర ఒక సీటు ఇట్లనే, మూడు లినక్స్ డిస్ట్రోలు ఒకే దగ్గర ఆగినయి, లాగ్ చూసి మడతపడ్డ పాత సాటా కేబుల్ మార్చినంక అదే పెన్‌డ్రైవ్, అదే డిస్కు, చాయ్ తాగొచ్చేలోపు అయిపోయింది.

ర్యామ్ విషయంలో ఈ మిషన్లకి వంద మార్కులు. మామూలు పీసీలో ర్యామ్ ఖరాబైతే ఇన్‌స్టాల్ ఒక్కోసారి ఒక్కో దగ్గర ఫెయిల్ అయితది, ఏ ఎర్రర్‌కీ పొంతన ఉండదు. ఈసీసీ ర్యామ్ ఒక బిట్ తప్పైతే తనే సరిచేసుకుంటది, సరిచేసినట్టు లాగ్‌లో రాస్తది కూడా, ఏ స్లాటో కూడా చెప్తది. లినక్స్‌లో ఈడాక్ అని వెతికితే దొరుకుతది, విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్‌లో. ఒక సీటుకి నేను ఎక్కడికీ పోకుండా, ఏ ర్యామ్ పుల్ల తీయాల్నో లాగ్ చూసి కూర్చున్న దగ్గరే చెప్పిన. కాకపోతే ర్యామ్ పెంచుకునేటప్పుడు స్టిక్కర్ మీద చివరి అక్షరం చూడండి, పీసీ3-12800ఈ అని ఉంటే ఒక రకం, 12800ఆర్ అని ఉంటే రిజిస్టర్డ్, రెండూ కలిపి పెడితే మిషన్ లేవనే లేవదు, బీప్ బీప్ మని కూర్చుంటది. షాపులో మాత్రం "సర్వర్ ర్యామే కదా అన్నా, ఏదైనా ఒకటే" అంటరు. ఒకటే కాదు. మూత తీసినప్పుడే పుల్లల బంగారు అంచులు పిల్లల రబ్బరుతో ఒకసారి రుద్దండి, మన ఊరి దుమ్ముకి ఆ పని రెండేళ్లకోసారైనా పడ్తది.

గ్రాఫిక్స్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. లినక్స్ బూట్ అవుతూ నల్ల స్క్రీన్ పడితే గ్రబ్ అనే బూట్ మెనూలో ఇంగ్లీష్ 'ఈ' అక్షరం నొక్కి, లినక్స్ అని ఉన్న లైన్ చివర నోమోడ్‌సెట్ అని కొట్టండి, ఇన్‌స్టాల్ అయితది, డ్రైవర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. పాత ఫెర్మీ తరం క్వాడ్రో అయితే ఎన్‌విడియా 390 సిరీస్ డ్రైవరే చివరిది, దాని తర్వాతి కెప్లర్ తరం అయితే 470, కొత్త కెర్నెల్‌తో అవి కూర్చోబెట్టుడు పెద్ద పంచాయితీ. బిల్లింగ్ సీటుకి ఆ డ్రైవర్లే అవసరం లేదు. ఎన్‌వీఎంఈ (సాటా కంటే స్పీడైన కొత్త రకం ఎస్ఎస్‌డీ) ఆశ కూడా పెట్టుకోకండి, అడాప్టర్ కార్డు మీద పెడితే ఓఎస్‌లో డ్రైవ్ కనిపిస్తది, కానీ ఈ తరం బయోస్‌లకి దాని మీదినుంచి బూట్ అవ్వుడు మామూలుగా రాదు. బూట్ సాటా ఎస్ఎస్‌డీ నుంచి, ఫొటోలు ఎన్‌వీఎంఈ మీద, ఇట్ల నడిపిస్తున్నా, మస్తుంది. స్టిక్కర్ కటింగ్ ప్లాటర్ కోసం ఒక సీటుకి ఇంకా విండోస్ 7 వేయాల్సి వచ్చింది, దాని ఇన్‌స్టాలర్‌కి యూఎస్‌బీ 3.0 డ్రైవర్ లేదు, ముందటి నీలం పోర్టులో పెడితే కీబోర్డు, మౌసు రెండూ సచ్చిపోతయి, వెనకాల నల్ల పోర్టులే దిక్కు.

నచ్చనివి కూడా రాయాలె. ప్రాసెసర్ ఒక్కటే 130 వాట్ల టీడీపీది, అంటే ఫుల్ లోడుల దగ్గర దగ్గర అంత వేడి చిమ్ముతది, మే నెలలో ఎండ 40 దాటినప్పుడు రూములో ఇవి నడుస్తుంటే ఫ్యాన్ సౌండుకి ఫోన్ మాట్లాడలేం. ప్రాసెసర్ మీద పూసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటే పెద్ద ఫైళ్లు విప్పేటప్పుడు చప్పుడు లేకుండా ఆఫ్ అయిపోతది, ఇన్‌స్టాల్ మధ్యలో అట్ల ఆఫ్ అయితే ముందు పేస్టు మార్చండి. 600 వీఏ యూపీఎస్ అంటే మామూలుగా 360 వాట్లే, మానిటర్‌తో కలిపి రెండర్ పెట్టినప్పుడు కరెంటు పోతే అది కూడా కుయ్యిమని పడుకుంటది. పవర్ సప్లై మామూలు ఏటీఎక్స్ సైజు కాదు, పోతే ఆ మోడల్‌దే వెతకాలె, దొరికిన రోజు రెండు తీసి పెట్టుకోవాలె. కరెంటు బిల్లు సంగతి ఇంట్ల చెప్పకండి.

ఎవరికి పనికొస్తది అంటే, మూత తీయనీకి భయపడనోళ్లకి. వారంటీ కార్డు పట్టుకొని సర్వీస్ సెంటర్ కోసం ఎదురుచూసేటోళ్లకి వద్దే వద్దు. నేను మాత్రం తర్వాతి సీటుకి 2014 తరం డబ్బా కోసం చూస్తున్నా, సీ612 చిప్‌సెట్‌ది, దాంట్లో యూఎస్‌బీ 3.0 చిప్‌సెట్‌లోనే ఉంటది, సాటా పోర్టులన్నీ 6 జీబీపీఎస్సే, ఆ ఎస్‌సీయూ పీడ లేదు. విండోస్ 11 లిస్టులో అది కూడా లేదు, డీడీఆర్4 ఈసీసీ రేటు కూడా అడిగి చూసుకోవాలె.