సూర చేప: గాలందా, వలదా, డబ్బాదా?

ముందు పేరు సంగతి. సొర కాదు, సూర. సొర అంటే షార్క్, మన ఇళ్లలో బాలింతలకు వండేది. సూర అంటే ట్యూనా. పేరు కాస్త అటూ ఇటూ పలికితే సంచిలో వేరే చేప పడుతుంది.

గాలంతో పట్టిన సూర మేలా, వలతో పట్టింది మేలా అని అడిగితే నా ఓటు గాలానికే. అనకాపల్లి జిల్లా పూడిమడక వైపు జాలర్లు ఇంజిన్ బిగించిన ఫైబర్ బోట్లలో చాలా లోపలికి పోయి చేతి గాలంతో రెక్క సూర, అంటే ఎల్లోఫిన్, పడతారు. పెద్దది తగిలిందంటే తాడు అరచేతుల్ని కోస్తుంది. లక్షద్వీప్‌లో, ముఖ్యంగా మినికాయ్‌లో పద్ధతి ఇంకా ముచ్చటైనది: దీవి చుట్టూ ఉండే నిలకడ నీటిలో చిన్న చేపల్ని ప్రాణంతో పట్టి పడవ తొట్టెలో ఉంచుకుంటారు, సూర గుంపు కనపడగానే వాటిని చల్లి పైనుంచి నీళ్లు చిమ్ముతారు, ఆ తుంపర చూసి ఎర గుంపే అనుకుని సూరలు పైకొస్తాయి, అప్పుడు కర్రకు కట్టిన గాలంతో ఒక్కొక్కటే ఎత్తి వెనక్కి విసురుతారు. కొక్కేనికి అడ్డ ముల్లు ఉండదు కాబట్టి చేప దానంతటదే ఊడి పడవలో పడుతుంది. మాల్దీవులదీ ఇదే దారి, అక్కడి పోల్ అండ్ లైన్ వేటకు 2012లో ఎంఎస్‌సీ, అంటే సముద్రానికి చేటు చేయని వేటకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చింది.

పర్స్ సీన్ ఓడలు, అంటే గుంపును వలతో చుట్టి అడుగున సంచిలా బిగించేవి, అలా కాదు. నీళ్లమీద తేలే తెప్పలు వదిలి, వాటి నీడన చేరినవాటన్నిటినీ ఒకేసారి చుట్టేస్తాయి. ఎల్లోఫిన్ దాదాపు మీటరు పొడవు వస్తేగానీ గుడ్లు పెట్టదు, ఆ వలలో పడేవాటిలో బోలెడు పిల్లలే. గిల్‌నెట్‌లో, అంటే చేపల దారికి అడ్డంగా గోడలా వేలాడే వలలో, తాబేళ్లు, డాల్ఫిన్లు కూడా చిక్కుతాయి. మన దగ్గర రింగు వలల (ఇవీ పర్స్ సీన్‌లా చుట్టేసేవే) మీద జాలర్ల మధ్య గొడవ ఎంత దూరం పోయిందో 2022 జనవరిలో విశాఖ తీరంలో పడవలు తగలబడ్డప్పుడు చూశాం. అలాగని గాలం మరీ పుణ్యమేమీ కాదు, డీజిల్ ఖర్చు భారీ, కొన్నిసార్లు ఖాళీ బోటుతో తిరిగి రావాలి.

ఇక పళ్లెం దగ్గరికొస్తే గాలం, వల కన్నా ఐసే ముఖ్యం. సూర ఒళ్లు మిగతా చేపలకన్నా వెచ్చగా ఉంటుంది, పట్టిన వెంటనే నెత్తురు తీసి ఐసులో కప్పకపోతే హిస్టమిన్ అనే, అలర్జీలా ఒళ్లు చెడగొట్టే పదార్థం తయారవుతుంది. దాన్ని వేడీ చంపదు, ఫ్రీజరూ చంపదు. ఒకసారి ఎండలో చెక్కమీద పడున్న ముక్క కొని పులుసు పెట్టాను. అరగంటకు మొహం ఎర్రగా పొంగి తలనొప్పి, అలర్జీ అనుకుని తెగ టెన్షన్ పడ్డాను. అప్పటినుంచి మొప్పలెత్తి చూడందే కొనను. ఎర్రగా తడిగా ఉండాలి, బొటనవేలితో నొక్కితే గుంట వెంటనే పైకి రావాలి.

"రాత్రి దిగింది బాబూ, ముట్టుకుని చూడు" అని అమ్మే ఆవిడే అంటే మంచిది. ముట్టుకోనివ్వకపోతే పక్క గంపకు పోవడమే.

హైదరాబాద్‌లో ఉంటే నా మాట విని "ఫ్రెష్" అన్న బోర్డుకన్నా సరిగ్గా గడ్డకట్టించిన ముక్కే కొనండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో ఇంజిన్ బోట్లకు వేట నిషేధం, ఆ 61 రోజుల్లో భారీ రెక్క సూర చూపించి "పొద్దున్నే వైజాగ్‌లో దిగింది సార్" అంటే నవ్వి ఊరుకోండి. డబ్బాది మూడో స్థానం, కానీ చిన్నచూపు వద్దు: అందులో ఎక్కువగా ఉండేది స్కిప్‌జాక్ అనే చిన్న జాతి సూర, పెద్ద సూరలకన్నా పాదరసం తక్కువ. లేబుల్ మీద పోల్ అండ్ లైన్ అని ఉంటే తీసుకోండి, లేకపోతే వదిలేయండి.

వంజరం వండినట్టు సూరను ఉడికిస్తే మాత్రం పీచైపోతుంది. పులుసు మరిగి చిక్కబడ్డాకే ముక్కలు వేసి, అయిదారు నిమిషాల్లో దించేయాలి.