దీవులకు ముందు ఏది: సోలారా, నేలా?

పసిఫిక్ సముద్రంలోని చిన్న దీవులకు వచ్చే సాయం ముందు సోలార్ కరెంటుకు వెళ్లాలా, నేల ఎత్తు చేయడానికా? రెండు చోట్ల ఏం జరిగిందో చూద్దాం. న్యూజీలాండ్ కింద ఉన్న మూడు చిన్న దీవులు టోకెలావు. దానికి విమానాశ్రయం లేదు, ఓడరేవూ లేదు. సమోవా నుంచి వచ్చే ఓడ పగడపు దిబ్బల అవతలే ఆగుతుంది. సామాన్లన్నీ చిన్న పడవల్లోకి దించి ఒడ్డుకు చేర్చాలి. 2012 దాకా కరెంటు కోసం డీజిల్ పీపాలు కూడా ఇలాగే వచ్చేవి. ఆ ఏడాది న్యూజీలాండ్ డబ్బుతో మూడు దీవుల్లోనూ సోలార్ ప్యానెళ్లు, బ్యాటరీలు పెట్టారు. ఉన్నది సుమారు 1,500 మంది. డీజిల్ ఖర్చు చాలావరకు మిగిలింది.

పసిఫిక్‌లోనే ఉన్న చిన్న దేశం తువాలు కష్టం వేరు. రాజధాని ఫునాఫుటిలో పెద్ద పోటు వచ్చిన రోజు సముద్రం గట్టు దాటి రానక్కర్లేదు. పగడపు నేల జల్లెడలాంటిది. ఉప్పునీళ్లు కింది నుంచే ఉబికి రన్‌వే పక్కన మడుగులు కడతాయి. పులాకా అనే చేమ జాతి దుంప పండించే గుంటల్లోకి ఆ ఉప్పు చేరితే పంట పోయినట్టే. ఇక్కడ గోడ ఒక్కటే కట్టి లాభం లేదు, నేలనే ఎత్తు చేయాలి. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి దేశాలకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి గ్రీన్ క్లైమేట్ ఫండ్ 3.6 కోట్ల డాలర్లు ఇచ్చిన ప్రాజెక్టులో అదే చేశారు. దీవి లోపలి వైపున్న సముద్రపు నీటి సరస్సు (లగూన్) అడుగు నుంచి ఇసుక తోడి, ఫునాఫుటి అంచున ఏడు హెక్టార్లకు పైగా కొత్త నేల వేశారు.

మరి ఏది మేలు? సోలార్ తన ఖర్చు తానే కొంత తిరిగి రాబడుతుంది, కాబట్టి తక్కువ వడ్డీ అప్పు దొరికినా ఆ పని నడుస్తుంది. ఎత్తు చేసిన నేల మీద పైసా ఆదాయం రాదు. దానికి ఏ బ్యాంకు అప్పిస్తుంది? అందుకే తిరిగి కట్టక్కర్లేని సాయం ముందు నేలకే వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. నేల మునిగితే ప్యానెళ్లు ఎక్కడ పెడతారు?

సోలార్‌కి ఇచ్చేవాళ్లు ఒకటి మర్చిపోకూడదు. ప్యానెల్ పాతికేళ్లు పనిచేయొచ్చు, బ్యాటరీ అన్నాళ్లు రాదు. ఉప్పుగాలికి వైర్లు, బోల్టులు తుప్పు పడతాయి. కొత్త బ్యాటరీల ఖర్చు, రిపేరు చేసే స్థానికుడి జీతం మొదటి రోజే లెక్కలో వేయాలి.

మూడో దారి వలస. 2023లో ఆస్ట్రేలియాతో చేసుకున్న ఫలెపిలి ఒప్పందం ప్రకారం ఏటా 280 మంది దాకా తువాలు వాళ్లు అక్కడికెళ్లి స్థిరపడొచ్చు. వెళ్లాలనుకునేవాళ్లకి ఆ తలుపు తెరిచి ఉండాల్సిందే. కానీ ఆ సాకుతో నేల పని ఆపితే మాత్రం, ఉన్న ఊళ్లోనే ఉంటామనేవాళ్లకి అన్యాయం చేసినట్టే.