డచ్‌లో వాదన నేర్పే చిన్న పుస్తకం: కొనొచ్చు, కానీ...

నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్‌లో నేను వెళ్లే సాయంత్రం డచ్ క్లాసులో ఒక పలచటి పుస్తకం అమ్ముతున్నారు, 14 యూరోలు. తర్కానికి, వాదనకు పనికొచ్చే డచ్ మాటలు ఎడమవైపు, ఇంగ్లీషు అర్థాలు కుడివైపు. ప్రభుత్వ భాషా పరీక్ష ఎన్‌టీ2లో ప్రోగ్రామ్ 2, అంటే బీ2 స్థాయి (యూరప్ భాషా కొలమానంలో మధ్యస్థాయికి పై మెట్టు), రాసేవాళ్ల కోసం చేసింది.

ఏరిన మాటలు బాగున్నాయి. ఆన్‌నామె అంటే అజంప్షన్, బెవైస్ అంటే ప్రూఫ్, డ్రోఖ్‌రేడెన్ అంటే ఫాలసీ, అంటే తప్పుడు వాదన. స్టెల్లింగ్‌కి థీరమ్, థీసిస్ రెండూ ఇచ్చారు, అది సరైన పని. పైథాగరస్ సిద్ధాంతమూ స్టెల్లింగే, ఇక్కడి పీహెచ్‌డీ గ్రంథాలతో జతచేసే ప్రతిపాదనలూ స్టెల్లింగెన్లే.

చిక్కంతా చిన్న మాటలతోనే. వాంట్, ఒమ్‌డాట్, డోర్‌డాట్ మూడింటికీ ‘బికాజ్’ అని రాసి వదిలేశారు. రాత పరీక్షలో మార్కులు పోయేది సరిగ్గా ఇక్కడే! చెట్టు పడి రైలు ఆలస్యమైతే డోర్‌డాట్, అది జరిగిన కారణం. ఉద్యోగం నచ్చక మానేస్తే ఒమ్‌డాట్, అది మనిషి ఎంచుకున్న కారణం. ఒంట్లో బాగోలేదని చెప్పాలంటే ‘వాంట్ ఇక్ బెన్ జీక్’, కానీ ‘ఒమ్‌డాట్ ఇక్ జీక్ బెన్’. ఒమ్‌డాట్ వస్తే క్రియ, ఇక్కడ ‘బెన్’, చివరికి పోతుంది. క్రియ చివర ఉండటం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు కాబట్టి, తెలుగులో ఆలోచించి రాస్తే ఈ వాక్యాలు తేలిగ్గా కుదురుతాయి. నా పక్కన కూర్చునే గుంటూరు అమ్మాయికి ఇలాగే చెప్పాను, వెంటనే పట్టేసింది.

ఇమ్మర్స్‌కి ‘ఆఫ్టర్ ఆల్’ అని ఇచ్చారు. అది చదివితే నాకేం అర్థం కాలేదు. ఎదుటివాళ్లకు ముందే తెలిసిన కారణాన్ని గుర్తుచేసే మాట అది. ‘రాలేడు, జ్వరంగా ఉంది కదా’ అనేటప్పుడు మనం వాడే ‘కదా’ దానికి చాలా దగ్గర.

మిట్స్ (ఆ షరతు మీద అయితేనే), టెన్‌జై (అలా కాకపోతేనే) పక్కపక్కనే పెట్టడం మంచి ఆలోచన. అద్దె ఒప్పందంలో ఈ రెండూ తారుమారైతే అర్థమే తిరగబడుతుంది.

బీ1, అంటే బీ2కి ముందు మెట్టు, పూర్తయినవాళ్లు తీసుకోండి. ప్రతి మాటకీ పక్కన సొంతంగా ఒక పూర్తి వాక్యం రాసుకోండి, మార్జిన్ అందుకు సరిపోయేంత వెడల్పుగా ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇప్పుడే కొనకండి.