నాలుగేళ్ళు బ్లెండర్‌లో ముఖాలకు వెలుగు పట్టాక

పాత్‌ఫైండర్: కింగ్‌మేకర్ అనే కంప్యూటర్ ఆటలో పాత్రకి మన సొంత బొమ్మ పెట్టుకోవచ్చు. మూడు పీఎన్‌జీ ఫైళ్ళు కావాలి: 185×242, 330×432, 692×1024 పిక్సెళ్ళవి. అరచేతిలో నిప్పు పట్టుకున్న ఒక చామనఛాయ మాంత్రికురాలి ముఖం కోసం 2021లో బ్లెండర్ అనే 3డి బొమ్మల సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాను. అప్పటికి 2.93 వెర్షన్. ఈ నాలుగేళ్ళలో ముప్పైకి పైగా ముఖాలు చేశాను. డబ్బు కట్టక్కర్లేదు, ఓపికుంటే ఎవరికైనా పట్టుబడుతుంది, నేనైతే వదలను. అయితే ముఖం చెక్కడం ఆరు నెలల్లో వచ్చింది, వెలుగు పెట్టడానికి మూడేళ్ళు పట్టింది. అందుకే ఇక్కడ రాసేదంతా వెలుగు గురించే.

మొదటి బొమ్మకి ఒక రెడీమేడ్ లైటింగ్ సెట్ కొన్నాను. వెనక ఎడమ నుంచి నీలం, వెనక కుడి నుంచి నారింజ, ముందు ఒక పెద్ద చదరపు లైటు. పెద్ద సైజులో చూస్తే అదిరిపోయింది. ఆటలో పెట్టాక వారం తిరక్కుండానే కంట్లో నలుసులా తయారైంది. గుహలో నిలబడ్డ మనిషి మీదికి నీలం వెలుగు ఎక్కణ్ణించి వస్తుంది? చేతిలో మంట భగభగ మండుతోంది, గడ్డం కింద మాత్రం చీకటి. కంటిపాపలో చూస్తే కిటికీలాంటి చదరపు మెరుపు. చిన్న సైజులో అయితే ముఖం చుట్టూ నియాన్ తీగ అంటించినట్టుంది. ఆట ఆడినంతసేపూ స్క్రీన్ అడుగున కనిపించేది ఆ చిన్న బొమ్మే.

దారి చూపింది మా అమ్మ. కార్తీకమాసంలో ఓ సాయంత్రం తులసికోట దగ్గర ప్రమిద పట్టుకుని, గాలికి కొండెక్కకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. దీపం ఆమె గడ్డానికి జానెడు దూరంలో ఉంది. గడ్డం అడుగు, ముక్కుపుటాలు, కనుబొమ్మల కింది భాగం వెలిగాయి. నుదురు సగం చీకట్లోనే ఉంది. ముక్కు నీడ పైకి పోయింది. అడ్డం పెట్టిన వేళ్ళ అంచులు ఎర్రగా మెరిశాయి. వెనక గోడ ఉందా లేదా అన్నట్టుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుందని బడిలో చదివిందే, కానీ ఒక ముఖం మీద దాన్ని చూడటం అదే మొదటిసారి.

ఆ రాత్రే లైట్లన్నీ తీసేసి, మంట ఉన్నచోట అన్ని వైపులకీ వెలుగు చిమ్మే పాయింట్ లైటు ఒకే ఒక్కటి పెట్టాను. దూరంతో వెలుగు తగ్గడాన్ని బ్లెండర్ తనంతట తానే లెక్కేస్తుంది. నేను ఇన్నాళ్ళూ లైటుని రెండు మీటర్ల అవతల పెట్టి, వాట్లు పెంచుకుంటూ పోయి ఆ తగ్గుదలే కనబడకుండా చేశాను. లైటు రేడియస్‌ని మంట అంత చేసేసరికి నీడల అంచులు కుదిరాయి, కంట్లో మెరుపు గుండ్రంగా వచ్చింది. రంగుకి సైకిల్స్‌లో (వెలుగుని నిజంలా లెక్కేసి బొమ్మ తీసే బ్లెండర్ ఇంజిన్) బ్లాక్‌బాడీ నోడ్ ఉంది, వేడిని బట్టి వెలుగు రంగు చెప్పే కెల్విన్ అంకె ఇస్తే చాలు. దీపం మంట సుమారు 1,900 ఉంటుంది. అదే వేస్తే ముఖమంతా నారింజ పులుముకుంది. చీకట్లో కాసేపు కూర్చుంటే మన కన్ను ఆ రంగుకి సర్దుకుంటుంది, రెండర్ (ఇంజిన్ లెక్కేసి తీసిన బొమ్మ) సర్దుకోదు. 2,600 దగ్గర ఆపితే ఆ సాయంత్రం చూసిన అమ్మ ముఖం గుర్తొచ్చింది.

ఇక చర్మం. నేను రెండేళ్ళు పొరబడింది ఇక్కడే. చామనఛాయ ముఖం చీకటిగా వస్తోందని, నీడల్ని తేలిక చేసే ఫిల్ లైటు పెంచితే బూడిద పూసినట్టవుతుంది. ముదురు రంగు చర్మానికి ఆకారం తెచ్చేది చాలావరకు మెరుపులే: చెంప ఎముక, ముక్కు దూలం, కింది పెదవి, నుదుటి వంపు. వాట్ల జోలికి పోకుండా, చర్మం ఎంత మెరవాలో చెప్పే రఫ్‌నెస్‌ని చోటుకో తీరుగా మార్చాను. నుదురు, ముక్కు కాస్త జిడ్డుగా, చెంపలు పొడిగా. అప్పుడు ప్రాణం వచ్చింది. ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. మన రంగు మనుషుల్ని తెల్లటి వెలుగుతో కడిగేసిన బొమ్మలు చూసి చూసి విసిగిపోయాను.

2023 నవంబరులో బ్లెండర్ 4.0తో ఏజీఎక్స్ వచ్చింది, లెక్కేసిన వెలుగుని స్క్రీన్ రంగులుగా మార్చే పద్ధతి అది. స్టాండర్డ్ అనే పద్ధతిలో పసుపు ముద్దలా కనిపించే మంట నడిమి భాగం ఇందులో మెల్లగా తెల్లబడుతుంది. ఇదొక్కటి చాలు పాత వెర్షన్ నుంచి మారడానికి. ఏ లైటు ఏ వస్తువు మీద పడాలో ఎంచుకునే లైట్ లింకింగ్ కూడా అప్పుడే వచ్చింది. చెవిపోగు తళుక్కుమనడానికి తప్ప దాన్ని ముట్టను, అలవాటైతే మళ్ళీ ఎక్కణ్ణించి వచ్చిందో తెలియని వెలుగులే పోగవుతాయి. లైటు అటూ ఇటూ జరిపి చూసుకోవడానికి ఈవీ (బ్లెండర్‌లోనే ఉన్న వేగమైన ఇంజిన్), చివరి రెండర్‌కి సైకిల్స్. శాంపిళ్ళు (ఒక్కో పిక్సెల్‌కి వెలుగుని లెక్కేసే సార్లు) తగ్గించి, చుక్కల్ని తుడిచే డీనాయిజర్ మీద భారం వేస్తే చర్మరంధ్రాలు చెరిగిపోయి మైనపు ముఖం వస్తుంది, అక్కడ తొందరపడొద్దు.

జుట్టు ఇంకా పూర్తిగా కుదరలేదు. వెనక నుంచి అంచుల్ని వెలిగించే రిమ్ లైటు తీసేస్తే నల్ల జుట్టు చీకట్లో కలిసిపోతోంది. ఇప్పుడు వెనక గుహ గోడకి లేత రాతిరంగు వేసి, దాన్ని దగ్గరికి జరిపి, మంట వెలుగు ఆ గోడకి తగిలి జుట్టు అంచు దాకా తిరిగొచ్చేలా చూస్తున్నాను. 185 పిక్సెళ్ళ వెడల్పు బొమ్మలో ఆ అంచు సన్నటి గీత మాత్రమే. అయినా జడ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలుస్తోంది.